ఆదివారం పది నిమిషాలు

"వైరు పీకెయ్! ముందు ఆ వైరు పీకెయ్యమంటున్నానా!"

మేడమీద కిటికీలోంచి నానమ్మ పెట్టిన కేకకి వీధిలో కొడుకు ఉలిక్కిపడ్డాడు. కొత్త ఎలక్ట్రిక్ కారుకి చార్జింగ్ పెట్టి ఇంకా పావుగంట కాలేదు.

"ఏమైందమ్మా?"

"ఏమవ్వాలి, పేలాలా? ఇలాగే వైరు తగిలించి పడుకుంటే ఇల్లు ఇల్లంతా బుగ్గైపోయిందట ఎక్కడో. ఏడు నెలల పసిగుడ్డుంది ఇంట్లో!"

"ఎక్కడో ఒకటి జరిగితే..."

"ఆ ఒకటీ మనిల్లు కాకూడదు."

మూడు రోజులుగా ఇదే రామాయణం. ఇంటి కింద ఉన్నది ఒక్క కారు పట్టే షెడ్డు. అందులో తాతయ్య పెట్రోలు కారుంది. ఆయన టాక్సీగా తిప్పి, కొడుకుని చదివించిన బండి. ఇప్పుడు దాని విడిభాగాలు కూడా దొరకడం లేదు. తుక్కుకిచ్చేసి కొత్తదాన్ని లోపల పెడదామన్నాడు కొడుకు. తాతయ్య కంటే ముందు నానమ్మే అడ్డం పడింది.

"ఆ బాంబుని తెచ్చి పిల్ల ఉయ్యాల కింద పెడతావా? పాతదే ఉండనీ. దాని పక్కన పడుకోమన్నా నాకు భయం లేదు."

అలా కొత్త కారు వీధిలోనే ఉండిపోయింది. అయినా నానమ్మకి మూడు రాత్రులుగా కంటిమీద కునుకు లేదు. గంటకోసారి లేచి కిటికీలోంచి దాన్ని చూడటం, ఉయ్యాల దగ్గరికొచ్చి పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూడటం.

ఇవాళ కేకలు విని, షెడ్డులోంచి లోపలి మెట్లెక్కి తాతయ్య పరుగున వచ్చాడు, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ.

"ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏం కాలేదు," వైరు చుట్టుకుంటూ కొడుకూ పైకొచ్చాడు. "ఆదివారం వచ్చిందంటే నీకు కారు సేవేగా నాన్నా."

"వారానికో పది నిమిషాలు ఇంజను ఆన్ చేసి ఊపిరి పోయకపోతే చచ్చిపోతుందిరా. ముసలి ప్రాణం."

"పోస్తే పొయ్యి గానీ షట్టర్ దించుకో. పోయినవారం పొగొస్తోందని ఎదురింటాయన గొడవకొచ్చాడు."

"దించే ఉంచాలే."

"తండ్రీకొడుకుల ముచ్చట్లు తర్వాత," నానమ్మ మధ్యలో దూరింది. "ఒరేయ్, ఆ బండి తీసుకెళ్లి దాని స్టేషన్లోనే మేత పెట్టుకురా. నా గుమ్మంలో కుదరదు."

"రెండు గంటలు పడుతుందమ్మా!"

"నాలుగు పట్టనీ."

కొడుకు నెత్తి కొట్టుకుంటూ దిగాడు. తాతయ్య కూడా మెట్లవైపు తిరిగాడు.

"మీరెక్కడికి?"

"కింద చిన్న పనుంది..."

"పనట, పని! ఆ బండి వీధి దాటేదాకా పిల్ల దగ్గర్నుంచి కదలకండి."

ఆవిడ కాపురానికొచ్చిన నాటినుంచీ, కూర్చోమంటే కూర్చునే మనిషి ఆయన. ఉయ్యాల తాడు పట్టుకుని కూర్చున్నాడు. రెండు ఊపులు ఊపాడో లేదో తనే గురక పెట్టాడు.

వాన అందుకుంది. రేకుల మీద దరువుకి పక్కవాళ్ల మాట కూడా వినిపించడం లేదు. వీధివైపు కిటికీలన్నీ బిడాయించి, గాలాడటానికి లోపలి మెట్ల తలుపు బార్లా తెరిచింది నానమ్మ.

కాసేపటికి, ఓ పక్కన పాప బట్టలు మడతపెడుతున్న కోడలు ముక్కు ఎగబీల్చింది. "ఏదో వాసన అత్తయ్యా."

"మీ మామయ్య చేతులే. ఆ పెట్రోలు కంపుతోనే కదా నా కాపురమంతా గడిచింది."

"తల పగిలిపోతోంది."

"నాకూ అలాగే ఉంది. మూడు రోజుల నిద్ర లేదాయె. అంతా ఆ బండి పుణ్యమే. అది వెళ్లిపోయిందిగా, ఇంక కాసేపు నడుం వాల్చు."

కోడలు చాపమీద ఒరిగింది. నానమ్మ లేవబోతే కళ్లు తిరిగాయి. గోడ పట్టుకుని ఉయ్యాల దాకా వెళ్లింది. రోజూ ఈ వేళకి ఇల్లెగరగొట్టే పాప ఇవాళ కదలకుండా పడుకుంది. బుగ్గలు గులాబీల్లా ఉన్నాయి.

"చూశావా, పీడ పోయింది, పిల్ల ఎంత హాయిగా పడుకుందో!"

కోడలు పలకలేదు. నిద్ర పట్టేసినట్టుంది, పాపం.

నానమ్మ ఉయ్యాల పక్కనే నేలమీద వాలిపోయింది. మూడు రోజుల తర్వాత గుండెల్లో దడ తగ్గింది. ఇంక భయం లేదు. కళ్లు వాటంతటవే మూతలు పడుతున్నాయి.

కింద షెడ్డులో పాత కారు ఇంజను ఇంకా నడుస్తూనే ఉంది.