చేదు పెత్తనం

ఆ అడవిలో కోతులు పొద్దున్నే వేపపుల్లతో పళ్లు తోముకున్నాకే పండు ముట్టాలి. అప్పుడప్పుడే గొంతు మారుతున్న కుర్రకోతి గండడికి అది బానిసత్వంలా తోచింది.

"మా నోళ్లు మా ఇష్టం! చేదు పెత్తనం నశించాలి!" అని కొమ్మెక్కి అరిచాడు. కుర్రకోతులన్నీ పుల్లలు విసిరేసి జై కొట్టాయి.

"పళ్లు నీవి, నమిలేదీ నువ్వే. ఇంక పెత్తనం ఎవరిదిరా?" అంది అమ్మమ్మ.

"నీకు చరిత్ర తెలీదు అమ్మమ్మా!" అన్నాడు గండడు.

నేరేడుపండ్లు పండేనాటికి, తేనె మరిగిన ఎలుగుబంటి ఒకటి అందరిదీ అయిన నేరేడుచెట్టును ఆక్రమించి, పసికూనలను కూడా దగ్గరికి రానివ్వలేదు. గండడు మండిపడ్డాడు. కుర్రకోతులను వెంటేసుకుని వెళ్లి, "అడవి అందరిదీ!" అనబోయాడు. వాచిన చిగుళ్లు సలిపి మాట రాలేదు, కంపు మాత్రం వచ్చింది.

ఎలుగుబంటి ముక్కు మూసుకుని నవ్వింది. "ముందు నీ నోట్లో విప్లవం తెచ్చుకో తమ్ముడూ!"

ఆ సాయంత్రం గండడు అమ్మమ్మ ఇచ్చిన ఉప్పునీళ్లు పుక్కిలించి, తనే వేపపుల్ల విరుచుకున్నాడు. చిగుళ్లలో రక్తం వచ్చినా మానకుండా రోజూ రెండుపూటలా మెల్లగా తోముకున్నాడు. వాపు తగ్గాక, కుర్రకోతులన్నిటి చేతా పళ్లు తోమించి మళ్లీ వెళ్లాడు.

"అడవి అందరిదీ!"

కొండ మారుమోగింది. ఎలుగుబంటి గర్జించబోయి దవడ పట్టుకుంది.

"అబ్బా, ఈ పన్ను నన్ను చంపేస్తోంది! చెట్టు మీరే తీసుకోండి. ఆ పుల్ల నాకూ ఒకటి ఇస్తారా?"

గండడు నవ్వుతూ కొత్త పుల్ల విరిచి అందించాడు.

"వేప కూడా అందరిదే అన్నా!"