ఫ్యాను హోరు

“ఫ్యాను హోరంతా తీసేశాను, ఇప్పుడు వినండమ్మా,” అంటూ రికార్డిస్టు హెడ్‌ఫోన్స్ ఇచ్చాడు.

ఆమె విని తల అడ్డంగా ఊపింది. “మావారి గొంతు కూడా పోయింది.”

“పోవడానికి ఈ టేపులో గొంతే లేదమ్మా. ఆయన రికార్డు బటన్ నొక్కారు గానీ, పాపం, ఏమీ మాట్లాడలేదు.”

“పోయేముందు నాకోసమే చేశారండీ. విన్నప్పుడల్లా పిలుస్తారు. ఆ హోరు మళ్లీ పెట్టండి.”

“హోరులో చెవి తనకు కావలసిన గొంతును వెతుక్కుంటుందమ్మా. అంతా భ్రమే,” అంటూ హోరు మళ్లీ పెట్టి, తానే విన్నాడు.

టేపు అయిపోయింది. అతను హెడ్‌ఫోన్స్ తియ్యలేదు.

“నన్ను పిలిచారు కదూ?”

“మిమ్మల్ని కాదమ్మా,” అన్నాడు చివరికి. “‘నాన్నా’ అంది. నిరుడు పోయిన మా పాప.”

టేపు కోసం చాచిన చెయ్యి ఆమె వెనక్కి తీసుకుంది.

“ఇంకోసారి వినండి,” అంది. “హోరు మాత్రం తగ్గించకండి.”