అబ్లూ, అబ్లూస్, అబ్లూ

"అబ్లో, అబ్లాస్, అబ్లా..." టైపిస్టు కూరగాయలు తరుగుతూ వల్లెవేస్తోంది. కత్తి జారి వేలు తెగినా ఆగలేదు. "అబ్లామోస్, అబ్లాయిస్, అబ్లాన్!"

"రక్తం కారుతోందోయ్!" అన్నాడు మొగుడు.

"కారనివ్వండి. వర్తమానం అయింది, భూతకాలం మిగిలే ఉంది."

శుక్రవారమే పరీక్ష. ఓడల కంపెనీలో స్పానిష్ ఉత్తరాలు టైపు చేసే గుమాస్తా ఉద్యోగం ఒకే ఒక్కటుంది. మొగుడు ప్రూఫులు దిద్దే ప్రెస్సు మూతపడి నాలుగు నెలలైంది. ఆయన రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పేపర్లో ఉద్యోగ ప్రకటనలు చూసొస్తానని లైబ్రరీకి బయల్దేరతాడు. వచ్చేటప్పుడు ఓ కూరగాయల సంచీ తెస్తాడు, అంతే. ఈ ఉద్యోగం దొరికితే సంసారం గట్టెక్కుతుంది. లేదంటే, ఇల్లు ఖాళీ చేసి ఆడపడుచు పంచన చేరాలి. ఆ మహాతల్లి నోటికి జడిసి కుక్కలు కూడా ఆ వీధిలో మొరగవు. అందుకే టైపిస్టు వారం రోజులుగా కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతోంది.

అబ్లార్ అంటే మాట్లాడటం. బుద్ధిగా నడిచే క్రియ. దీన్నొక్కదాన్ని లొంగదీస్తే ఇలాంటివి వందలు వాటంతటవే దారికొస్తాయని వాళ్ల సార్ చెప్పాడు. ఆ సార్ బజారు అవతలి సందు చివర గడియారాలు బాగుచేసే ఆయన. వయసులో ఉన్నప్పుడు ఓడ మీద పనిచేశాట్ట. ఆ మాట ఇంట్లో చెబితే మొగుడు నవ్వుతాడని, కోచింగుకి వెళ్తున్నానని మాత్రం చెప్పి ఊరుకుంది.

మంగళవారం సాయంత్రం ఉండబట్టలేక మళ్లీ అడిగేసింది.

"సార్, 'నువ్వు మాట్లాడితే బాగుణ్ణు' అనాలంటే ఎలా? కోరికలకీ, అనుమానాలకీ వేరే రూపం ఉందట. ఇరవై మార్కులు దానికే!"

ఆయన కంటికున్న భూతద్దం తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. "మంచి ప్రశ్న. రేపు చెప్తా."

"నిన్నా రేపే అన్నారుగా!"

"నిన్నటి రేపు వేరమ్మా. ఇది గట్టి రేపు."

అన్నమాట నిలబెట్టుకున్నాడు. బుధవారం ఆమె ఇంకా కూర్చోకముందే గడగడా అప్పజెప్పేశాడు. "రాసుకో. అబ్లూ, అబ్లూస్, అబ్లూ, అబ్లూమోస్, అబ్లూయిస్, అబ్లూన్."

ఆమె గుండెల మీంచి బండ దిగినట్టయింది.

ఇంటికి రాగానే మొగుడు అలవాటు ప్రకారం ఎర్ర పెన్సిల్‌తో నోటుబుక్కు అందుకున్నాడు.

"స్పానిష్ మీకేం తెలుసండీ, రోజూ తగుదునమ్మా అని దిద్దడానికి?"

"ఎన్ని భాషల ప్రూఫులు దిద్దాననుకున్నావు! తప్పన్నది నా కంట్లో నలుసులా గుచ్చుకుంటుంది." అంటూ పేజీ తిప్పి ఆగిపోయాడు. "ఈ అబ్లూలు... మీ సార్ చెప్పినవేనా? అచ్చం ఇలాగేనా?"

"అచ్చం అలాగే. ఏం?"

"ఏం లేదు. ఎవరోగానీ మహా పండితుడోయ్!" అని పెన్సిల్ చెవిమీద పెట్టుకుని, ఏనాడూ లేనిది గిన్నెలు తోమడానికి కూర్చున్నాడు. పైగా కూనిరాగం! నా పరీక్ష గురించి ఈయనకి ఇంత బెంగ ఉందా అని టైపిస్టు మనసు వెన్నలా కరిగిపోయింది.

శుక్రవారం పరీక్షాధికారిణి ఆమె ఎదురుగానే పేపరు దిద్దింది. వర్తమానం, భూతకాలం, భవిష్యత్తు, అన్నీ రైటే. టైపిస్టు అప్పుడప్పుడే ఊపిరి పీల్చుకుంటోంది. ఆఖరి పేజీలో కలం ఆగింది.

"ఈ అబ్లూ ఏ దేశంలో మాట్లాడతారమ్మా?"

"అది... కోరికల రూపమండీ."

"కోరిక మీదే అయ్యుంటుంది. స్పానిష్‌ది మాత్రం కాదు."

ఆ ఇరవై పోయి, నాలుగు మార్కుల్లో వెనకబడింది. వెనక వరసలో కూర్చున్న పిల్లకి ఉద్యోగం దక్కింది.

మొగుడు గుమ్మంలోనే కాచుకుని ఉన్నాడు. విషయం వినగానే ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అబ్లూ తప్పా? సరిగ్గా చూశారా వాళ్లు?"

"పకపకా నవ్వారండీ! పదండి, ఆ మనిషిని కడిగి పారెయ్యాలి."

"పోనిద్దూ. మనుషులన్నాక పొరపాట్లు... ఆయన మాత్రం కావాలని చెప్పాడా?"

"నేను రేపట్నుంచి మీ అక్కగారి దగ్గర పడాల్సి రావడం కూడా పొరపాటేనా? కట్టుకున్నదాని తరఫున ఒక్కసారి నోరు విప్పండి!"

ఆయనకి ఉన్నట్టుండి కాలు బెణికింది. తర్వాత చెప్పు తెగింది. ఆమె ఆ చెప్పులు విడిపించి మరీ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. సందు చివర 'గడియారాలు బాగుచేయబడును, స్పానిష్ నేర్పబడును' అన్న బోర్డు చూసి ఆయన తెల్లబోయాడు.

"వీడా మీ సార్? గడియారాలవాడా?" ప్రాణం లేచొచ్చినట్టు చొక్కా సర్దుకున్నాడు. "నడు, నేనూ నాలుగు తగిలిస్తాను."

ఆయన మెట్లెక్కేలోపే ఆమె లోపలికి దూసుకుపోయి నోటుబుక్కు బల్లమీద కొట్టింది. చక్రాలు, మరలు చెల్లాచెదరయ్యాయి.

"మీరు ఓడ మీద ఏం నేర్చుకున్నారండీ? నా బతుకు బుగ్గిపాలు చేశారు కదా!"

"ఓడ మీద గిన్నెలు తోమానమ్మా." గడియారాలాయన తల దించుకున్నాడు. "అందరికీ టైము ఫోన్లలోనే ఉందాయె, ఇక గడియారాలు ఎవరు తెస్తారు? బతకాలిగా. గడియారాలవాణ్ణని చెప్పకుండా, లైబ్రరీలో ఓ పండితుడి దగ్గర పొద్దున నేర్చుకున్నదే సాయంత్రం మీకు చెప్పాను. ఆయన చెప్పిందాంట్లో పొల్లు కూడా మార్చలేదు, పిల్లల మీద ఒట్టు."

"ఎవడండీ ఆ మహానుభావుడు? ఏడీ, ఒక్కసారి ఆ మొహం చూపించండి!"

గడియారాలాయన ఆమె భుజం మీదుగా గుమ్మంవైపు చూసి, స్టూలు మీంచి గబుక్కున లేచి చేతులు జోడించాడు.

"నమస్కారం మాస్టారూ, లోపలికి రండి."