అచ్చుతప్పు పన్ను

“డాక్టరుగారూ, ఆ పళ్ల తీగలు ఇంకో ఆర్నెల్లు ఉంచకూడదా?” ప్రూఫ్‌రీడరు చేతులు నలుపుకుంటూ అడిగాడు.

కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న పెద్దకూతురు కళ్లతోనే ఉరిమింది. డాక్టరమ్మ పటకారు ఆపింది. “రెండేళ్లయిందండీ. అందరూ ఎప్పుడు తీస్తారని ప్రాణం తీస్తారు, మీరేంటి?”

“ఈయన వరసే అంత,” భార్య అందుకుంది. “పెట్టించేటప్పుడు వద్దన్నారు, తీయించేటప్పుడూ వద్దంటున్నారు. బంక మిఠాయిలు తెచ్చి దీని చేతిలో పెట్టేదీ ఈయనే, రబ్బరు బ్యాండ్లు దాచేసేదీ ఈయనే. మావాళ్లంతా పిసినారి అంటున్నారు!”

“పన్ను కట్టడానికి నేనెప్పుడు వెనకాడానే? ఏటా ప్రభుత్వానికి కడుతున్నా, రెండేళ్లుగా ఇక్కడ కట్టిస్తున్నా!”

ఎవరూ నవ్వలేదు. ఆయనకీ నవ్వు రాలేదు.

చిన్నప్పటి వేలు చీకుడు పుణ్యమా అని పెద్దదాని పైపన్ను ఒకటి పక్కదాని మీదికెక్కి కూర్చుంది. “అది అచ్చుతప్పు కాదే, దేవుడి సంతకం” అని ఆయన నెత్తీ నోరూ బాదుకున్నాడు. ప్రెస్సు నుంచి ఇంటికి రాగానే “ఏదీ, ఓసారి నవ్వు” అననిదే ఏ కూతురితోనూ మాట మొదలుపెట్టేవాడు కాదు. ఆ పన్ను సాపయితే తన బతుకు వంకరవుతుందని ఆయనొక్కడికే తెలుసు. పైకి చెప్పుకుంటే సిగ్గుచేటు.

టక్. టక్. బిళ్లలు ఒక్కొక్కటే ఊడి పళ్లెంలో పడ్డాయి.

“రాత్రిళ్లు ఈ తొడుగు పెట్టుకోవాలమ్మా. వేడినీళ్లు తగలనివ్వకు, వంగిపోతుంది.”

“పగలు కూడా పెట్టుకోవచ్చాండీ?” ప్రూఫ్‌రీడరుకు ప్రాణం లేచొచ్చింది.

“నిక్షేపంగా. పెట్టుకున్నట్టు పైకి తెలియదు కూడా.”

“ఎర్రది దొరకదా?”

“ఏమండీ!” భార్య పళ్లు కొరికింది.

బయట బెంచీ మీద కూర్చున్న చిన్నకూతురు లోపలికొచ్చి అక్కను వాటేసుకుంది. ఒకే స్కూలు యూనిఫారంలో ఇద్దరూ గిర్రున ఓ చుట్టు తిరిగారు.

“ఎలా ఉన్నాం నాన్నా?” ఒక్క గొంతుతో అడిగి, ఒక్కలాగే నవ్వారు.

ఆయన కళ్లజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు.

కవలల్లో అక్క ఎవరో ఇక ఆయనకు తెలిసే దారి లేదు.