పక్క తలుపు

“వచ్చేశారే. నేనే ఆలస్యం చేశాను.”

పక్క తలుపు తోసుకుని వంటింట్లోకి వచ్చిన మనిషిని మార్లిస్ ఎన్నడూ చూడలేదు. సంచీ అప్పుడే గట్టు మీద పెట్టింది. ఇంకా కోటు కూడా విప్పలేదు. బయట మంచు దట్టంగా పడుతోంది. లోపల మునిచీకటి. అతను గోడవైపు చూడనైనా చూడకుండా చెయ్యి పోనిచ్చి దీపం వేశాడు. యాభై దాటి ఉంటాయి. వెడల్పాటి భుజాలు, చేతులకు నల్లటి తోలు తొడుగులు. తలుపు మూసి గడియ పెట్టాడు.

“గడియ ఎందుకు?” అంది మార్లిస్.

“పెట్టకపోతే గాలికి తెరుచుకుంటుందమ్మా.”

దీపం మీట ఎక్కడుందో ఇతనికెలా తెలుసు? ఆ ప్రశ్నకి జవాబు ఆమెకే తోచింది. ఈ కాలనీ అంతా ఒకే కంపెనీ కట్టింది. వంటిళ్ళన్నీ ఒకే అచ్చు. పొయ్యి, ఫ్రిజ్, బల్ల కూడా ఇళ్ళతోపాటే ఇచ్చారు. ఒక ఇంట్లో దూరినవాడికి అన్నీ తెలిసినట్టే.

నడవా చివరి గదిలో టాడ్ నిద్రపోతున్నాడు. ఇంకా అడుగులు రాని పిల్లవాడు. వాణ్ణి ఒంటరిగా వదిలి ఆమె వీధి చివరి కొట్టుకి వెళ్ళింది. నిజానికి కొనవలసిందేమీ లేదు. పొద్దున లేచింది మొదలు వాడి ఏడుపు, బట్టల మిషను చప్పుడు, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి పేపరు వెనక దాక్కునే మొగుడు. కాసేపు తనని ఎవరూ పిలవని చోట నిలబడాలనిపించింది. అంతే. రెండు సూపు డబ్బాలు కొని, మంచులో తలవంచుకుని పరుగున వచ్చింది. పిల్లవాణ్ణి ఇంకా చూడలేదు.

లోపల పిల్లవాడున్నాడని ఇతనికి తెలియకూడదు.

“ఎవరు మీరు?”

“వెర్న్. మీకు చెప్పలేదా? వాళ్ళంతే, ఎవరికీ ఏమీ చెప్పరు.”

“లోపలికి ఎలా వచ్చారు?”

అతను నవ్వాడు. “తలుపులోంచే. పొగగొట్టంలోంచి దిగే వయసు దాటిపోయింది.”

టెలిఫోను అతని వెనక గోడకు ఉంది. అతను కుర్చీ లాక్కుని దాని కిందే కూర్చున్నాడు. తొడుగులు ఒక్కొక్క వేలూ లాగి తీశాడు.

“ఇంకా మొదలుపెట్టలేదుగా? మంచిదే. నేను చూస్తూ కూర్చుంటాను. ఒక్కణ్ణే ఉండి పిచ్చెక్కుతోంది.”

“మా ఆయన వచ్చేస్తాడు. దారిలో ఉన్నాడు.”

“ఆయన వచ్చేలోపు అయిపోతుంది లెండి. నిన్నటావిడకి ఎంతోసేపు పట్టలేదు.”

“నిన్నటావిడ ఎవరు?”

“నిన్నొకావిడ, మొన్నొకావిడ. రోజుకొకరు. మొన్నటావిడైతే ఒకటే ఏడుపు. నేనే ఊరుకోబెట్టాను.”

“మీ... మీ ఆవిడ లేదా?”

“ఉంటే మీతో పనేముంది?” అని అతను నిట్టూర్చాడు. తర్వాత ఆమెవైపు తేరిపార చూశాడు. “చేతులు వణుకుతున్నాయే. చలా?”

“చలే.”

“ఆ కోటు విప్పండి మరి. కోటుతో ఎలా కుదురుతుంది?”

ఆమె కోటు బొత్తాం గట్టిగా పట్టుకుంది. నడవావైపు చెవి పెట్టింది. ఇంతసేపూ టాడ్ ఏడవకుండా ఉంటే చాలని మొక్కుకుంటోంది. ఇప్పుడు కొత్త భయం పట్టుకుంది. ఈపాటికి వాడు లేచి ఇల్లు పీకి పందిరెయ్యాలి. ఇంత మాటల చప్పుడుకి చిన్న మూలుగైనా లేదేం?

“మీరు ఇందాక కూడా వచ్చారా?” అంది.

“వచ్చానుగా. అప్పటికి మీరు లేరు. అలా వీధిలోకి వెళ్ళి వస్తున్నాను.”

“లోపలి గదిలోకి వెళ్ళారా?”

“వెళ్ళాను. ఆ గది సంగతి నేనే చూసేశాను. అక్కడ మీకేం పని లేదు.”

మార్లిస్ అరవాలనుకుంది. అరిచినా ఈ మంచులో వినేదెవరు? పక్కింట్లో రేడియో, ఆ పక్కింట్లో రేడియో. ఎవరి తలుపులు వాళ్ళవి.

అతను మోకాళ్ళ మీద చేతులు పెట్టి లేచాడు.

“ఎక్కడికి?”

“లోపలికే. ఇప్పుడే వస్తాను. మీ పని మీరు కానివ్వండి.”

“వద్దు. ఇక్కడే కూర్చోండి. మీరు ఏం చెయ్యమంటే అది చేస్తాను.”

“అయ్యో, అంత మర్యాద ఎందుకమ్మా,” అంటూ అతను నడవాలోకి తిరిగాడు. ఏదో కూనిరాగం తీస్తూ, తడుముకోకుండా, తిన్నగా ఆ చివరి గదివైపే నడిచాడు. తలుపు పిడి మీద చెయ్యి వేశాడు.

పొయ్యి మీద ఇనప పెనం ఉంది. అది ఎప్పుడు అందుకుందో, ఎలా పరుగెత్తిందో ఆమెకి తెలియదు. రెండు చేతులా ఎత్తి అతని తల వెనక కొట్టింది.

అతను గోడ పట్టుకుని మెల్లగా కూలిపోయాడు. చెవి వెనక నుంచి నెత్తురు కాలరులోకి దిగుతోంది. ఆమె మొహంలోకి అయోమయంగా చూశాడు. కోపం లేదు ఆ చూపులో.

“చర్చివాళ్ళు పంపితే వంట చెయ్యడానికని వచ్చి...” అని గొణిగాడు. కళ్ళు మూతపడ్డాయి.

ఆ మాటలు ఆమె తలకెక్కలేదు. “టాడ్, అమ్మ వచ్చింది నాన్నా, అమ్మ వచ్చేసింది,” అంటూ అతన్ని దాటుకుని తలుపు తోసింది. దీపం వేసింది.

ఉయ్యాల లేదు. ముడత లేకుండా దుప్పటి పరిచిన పెద్ద మంచం ఒకటి ఉంది.

గోడ మీద అతని పెళ్ళి ఫోటో ఉంది.