ఎర్రబడ్డ అరచేతులు

"తలుపు తియ్యి వదినా! అన్న లోపలికి వచ్చుడు నేను చూసిన." శ్యాం తలుపు బాదాడు.

సకల జనుల సమ్మెలో ఉమేష్ రోజూ మధ్యాహ్నం భూపాలపల్లి బొగ్గు కార్మికుల టెంటులోంచి మాయమవుతున్నాడు. చెమటతో, ఎర్రబడ్డ అరచేతులతో తిరిగొస్తున్నాడు. దొంగచాటుగా బొగ్గుబాయిలోకి దిగుతున్నాడని శ్యాం అనుమానం. ఇవాళ వెంటపడితే ఇంట్లోకి దూరాడు. డ్యూటీ బట్టల కోసమే అయ్యుంటుంది.

ఉమేష్ భార్య సుష్మిత తలుపు ఓరగా తీసింది. "ఆయన ఇంట్ల లేడు."

"మరి లోపల ఆ బుసబుస చప్పుడేంది?"

ఆమె తలొంచుకుని పక్కకు జరిగింది.

చీకటి గదిలో అద్దాల తొట్టి. ఉమేష్ సైకిల్ పంపుతో నీళ్లలోకి గాలి కొడుతున్నాడు. రాళ్ల సందులో బొటనవేలంత సముద్రపు చేప, సగం ఊదా, సగం పసుపు.

"బొగ్గు మనమే ఆపినం. కరెంటు పోయింది, దీని గాలి మిషిను బందైంది," అన్నాడు ఉమేష్. "పొద్దుగాల సుష్మిత కొడతది, మధ్యాహ్నం నేను. టెంటుల చెప్తే నవ్వరా?"

శ్యాం నవ్వలేదు. "జర ఇటియ్యి," అని పంపు అందుకున్నాడు.

టెంటుకు తిరిగొచ్చేసరికి కమిటీ పెద్ద పౌలు అతని చెమటనూ, చేతులనూ ఎగాదిగా చూశాడు.

"ఏడికి పోయినవ్ శ్యామూ?"

శ్యాం గబుక్కున పిడికిళ్లు బిగించాడు.

"జై తెలంగాణ!"