ఊఁ అనండి చాలు

"చిలకే కదమ్మా! పులిపిల్లని దాటిస్తున్నట్టు అలా చూస్తారేం?" అన్నాడు ముసలాయన, పంజరాన్ని గుండెకి హత్తుకుని.

సరిహద్దు చెక్‌పోస్టులో ఆమె కొత్త అధికారిణి. అంతరించిపోతున్న జీవుల రవాణా నిబంధనల మీద ఆన్‌లైన్ శిక్షణ ఆ ఉదయమే ముగించింది. పరీక్షలో నూటికి నూరు.

"బూడిదరంగు ఒళ్లు, ఎర్రతోక. ఈ జాతి చిలక పర్మిట్ లేకుండా దాటకూడదు తాతగారూ. పెంచుకున్నదైనా అంతే."

"మేడమ్ చిలకని పట్టుకుని చిలకపలుకులు అప్పజెబుతున్నారు," పక్క బల్ల దగ్గర గుమాస్తా నవ్వాడు. "ఇక మన గేటు ఈగ కూడా దాటదు!"

"పోనీ, వెనక్కి వెళ్లిపోతానమ్మా. ఒక్కడివే ఉండొద్దని అమ్మాయి పోరితే బయల్దేరాను. రాలేనని చెప్పేస్తాలే."

"గేటుదాకా వచ్చాక వెనక్కి పంపడం కుదరదండీ. స్వాధీనం చేసుకోవాల్సిందే. రేపు సంరక్షణ కేంద్రంవాళ్లు వచ్చి తీసుకెళ్తారు."

ముసలాయన పంజరాన్ని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. ఆమెకు ఆఖరి పాఠం గుర్తొచ్చింది. ప్రయాణికులు కథలు చెబుతారు, కరిగిపోవద్దు.

"ఇంకేమైనా చెప్పుకోవాలా?" అంది, మనసు గట్టి చేసుకుని.

"ఏం లేదమ్మా."

ఆమె ప్రాణం కుదుటపడింది. గుమాస్తా ఎవరూ చెప్పకుండానే లేచి వెళ్లి టీ తెచ్చిచ్చాడు. ముసలాయన తాగలేదు. గ్లాసు వేడికి అరచేతులు కాచుకుని, ఆ వెచ్చటి వేళ్లని ఊచల సందులోంచి పోనిచ్చి చిలక మెడ నిమిరాడు. అది కళ్లు మూసుకుంది.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

"లైటు వేసే వేళకి ఒక మాట అడుగుతుంది తల్లీ. 'ఊఁ' అనండి చాలు. అనకపోతే అడుగుతూనే ఉంటుంది, పాపం."

"గింజల కోసమా?"

ఆయన తల అడ్డంగా ఊపి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

సాయంత్రం గుమాస్తా కూడా ఇంటికెళ్లాడు. ఆమె తన శిక్షణ సర్టిఫికెట్ ప్రింటు తీసి, గోడకి ఎక్కడ తగిలిస్తే బాగుంటుందా అని చూస్తూ లైటు వేసింది.

వెనకాల ఎవరో దగ్గారు. చాన్నాళ్లుగా మంచం పట్టిన మనిషి దగ్గు. ఉలిక్కిపడి తిరిగి చూసింది. గదిలో ఎవరూ లేరు.

చిలక ఊచలకి ముక్కు ఆనించి, తలుపు వైపే చూస్తూ, నీరసించిన ఆడగొంతుతో పిలిచింది.

"ఏమండీ... ఉన్నారా?"